శుక్రవారం తీయని రీడింగు

ఇప్పుడు మీరు ఫోన్ తీసి ఒకచోట వేలు పెడితే ముల్లు గిర్రున తిరిగి మీ ఇంట్లో నెట్ ఎంత వేగంగా ఉందో చెప్పేస్తుంది. మా రోజుల్లో ఆ పనికి ఒక జీపు, ఒక డ్రైవరు, ఒక ల్యాప్‌టాప్, దాని చుట్టూ వైర్లు, ఆ వైర్ల మధ్య నేను కావలసి వచ్చేవాళ్లం. ముప్పై ఏళ్లకు పైగా ఒక టెలిఫోన్ సంస్థలో పనిచేశాను. స్తంభాలెక్కాను, కేబుల్ గుంతల్లోకి దిగాను, వానలో తడుస్తూ టవర్ కింద నిలబడ్డాను. అవన్నీ ఎవరడిగినా నవ్వుతూ చెబుతాను. ఈ ఒక్క సంగతి మాత్రం ఇంట్లో కూడా సగమే చెప్పాను. ఈమధ్య కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇద్దరు మా ఇంటికి వచ్చి "ఫీల్డు అనుభవం ఏదైనా చెప్పండి సార్" అన్నారు. వాళ్లకు టీ ఇచ్చి స్తంభాల కథలు చెప్పి పంపాను. చెప్పకుండా దాటేసింది ఇక్కడ రాస్తున్నాను, వాళ్లు చదువుతారనే ఆశ ఉంది.

మాది చందుర్తి దిక్కు ఊరు. మా నాయన, అమ్మ కూలికి పోయేవాళ్లు. మా ఇంట్లో డిప్లొమా చదివినవాణ్ణి నేనే. ఆఫీసులో నా మాటకు విలువ రావడానికి చాలా ఏళ్లు పట్టింది. సమావేశంలో నేను ఏదైనా అంటే ఇంకొకరు దాన్నే మళ్లీ అన్నాక గానీ రాసుకునేవాళ్లు కాదు. కానీ నేను నంబరు తెచ్చి బల్ల మీద పెడితే మాత్రం ఎవరూ కాదనలేకపోయేవారు. అందుకే నాకు నంబరంటే ప్రాణం. నంబరు ఒకరి ముఖం చూసి మారదని అందరికీ చెబుతుండేవాణ్ణి, కొంచెం గర్వంగానే.

ఆ కాలంలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల దిక్కు ఊళ్లలో ఫోన్ మీద వేగంగా వచ్చే నెట్ కొత్తగా మొదలైంది. టవర్ టవర్‌కూ పోయి రెండు సంగతులు కొలవడం నా పని. ఒకటి వేగం, అంటే సెకనుకు ఎంత సరుకు దిగుతోంది అని. రెండోది ఆలస్యం, అంటే మనం పంపిన పిలుపు దూరాన ఉన్న మిషన్‌ను తాకి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతోంది అని. బావిలో రాయి వేసి చప్పుడు కోసం చెవి ఒగ్గినట్టే అది. పాటలు, సినిమాలు దించుకునేవాళ్లకు వేగం చాలు. ఒకరి ముఖం ఒకరు చూస్తూ మాట్లాడుకునేవాళ్లకు వేగంతో పాటు ఆ ఆలస్యం కూడా తక్కువ ఉండాలి.

అదే కాలంలో తెలంగాణ ఉద్యమం ఊరూరా రగులుతోంది. బడులు, ఆఫీసులు, బస్సులు ఎప్పుడు ఆగుతాయో తెలిసేది కాదు. మా సంస్థవాళ్లం సమ్మెలో లేము. మనసంతా అటే ఉన్నా జీతం మాత్రం ఇటే ఉంది. మామూలు రోజు కోరుట్ల బజారు దాటాలంటే జీపుకు గంట పట్టేది. కొలతకు బండి ఆగకుండా ఒకే తీరుగా నడవాలి. బంద్ రోజైతే రోడ్లన్నీ ఖాళీ. అందుకని మాలో ఎవరు మొదలుపెట్టారో గానీ ఒక అలవాటు పడిపోయింది. బంద్ పిలుపు వస్తే మిగతా ఆఫీసులకు తాళాలు పడేవి, మా జీపులో డీజిల్ పడేది.

జీపు డ్రైవరు ఇబ్రహీంపట్నం దిక్కు ఊరివాడు. ఆ ఊరి పేరు రాయను. నేను భాయ్ అనేవాణ్ణి, అతను సార్ అనేవాడు. ఇంట్లో తల్లి, భార్య, పిల్లలు. ఒక్కడే తమ్ముడు, సౌదీలో పని. డ్రైవరు మాట తక్కువ మనిషి, టైరు చప్పుడు విని గాలి ఎంతుందో చెప్పగలడు. ఒక్క షరతు పెట్టేవాడు. శుక్రవారం మధ్యాహ్నం నమాజుకు పోవాలి. మిగిలిన ఒక్క పూట కోసం జీపు తీయడం ఎందుకని నేను శుక్రవారమంతా ఆఫీసు కాగితాల పని పెట్టుకునేవాణ్ణి.

ఒక బంద్ రోజు కోరుట్ల చౌరస్తాలో మా జీపును ఆపారు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. మెడలో గులాబీ కండువా వేసుకున్న ఒకాయన గరిటె పట్టుకునే ముందుకొచ్చాడు.

"ఆపుండ్రి! బంద్ దినం గీ జీపు ఎటు వోతుంది?"

"నెట్టు టెస్టింగ్ అన్నా. టవర్లు సూసుకుంట పోతున్నం" అన్నాడు డ్రైవరు.

ఆయన నా ఒళ్లో ఉన్న వైర్లు చూసి, "సార్, తెలంగాణ అచ్చినంక టెస్టు చేసుకోరాదు? గప్పుడు స్పీడ్ గూడ మనదే ఉంటది" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. "దిగుండ్రి, ఇంత బువ్వ తిని పోండ్రి. తినకపోతే బండి కదలనియ్యం."

ఇస్తరాకుల్లో అన్నం, పప్పు తిన్నాం. వాళ్ల మధ్య కూర్చుని తింటుంటే నాకు సిగ్గుగానూ ఉంది, సంతోషంగానూ ఉంది. చుట్టుపక్కల ఊళ్ల మగవాళ్లంతా అక్కడే ఉన్నట్టున్నారు. ప్రతివాళ్ల చేతిలో ఫోను ఉంది.

అక్కడి నుంచి డ్రైవరు ఊరికి పోయాం. ఊరు ఖాళీగా ఉంది. అరుగుల మీద ఒళ్లో చాటలు పెట్టుకుని ఆడవాళ్లు బీడీలు చుడుతున్నారు, అంతే. టవర్ కింద, బడి దగ్గర, డ్రైవరు ఇంటి ముందర, మూడుచోట్ల కొలిచాను. వేగం ఎంత బాగా వచ్చిందంటే మిషన్ చెడిపోయిందేమోనని మళ్లీ మొదలుపెట్టాను. మళ్లీ అంతే వచ్చింది. పిలుపు పోయి రావడానికి సెకనులో పదో వంతు పట్టింది. డ్రైవరు కిటికీలోంచి తల లోపలికి పెట్టి చూశాడు.

"సార్, గిది నిజమేనా? గిట్లుంటే తమ్ముని మొఖం సూసుకుంట మాట్లాడొచ్చు గద?"

"నిజమే భాయ్. నంబరు నీ ముందటే ఉంది. అమ్మకు ముందట కెమెరా ఉన్న ఫోను కొనియ్యి" అన్నాను.

అతను ఆ వారమే కొన్నాడు.

సిరిసిల్లలో, పక్కనున్న తంగళ్ళపల్లిలో కొలతలు అంతకుముందే, మామూలు పని రోజుల్లో తీశాను. మరమగ్గాలు నడుస్తున్న వేళ, షిఫ్టు మారి జనం రోడ్ల మీదికి వచ్చిన వేళ. అక్కడి నంబర్లు నీరసంగా వచ్చాయి. అన్నీ కలిపి ఒక పట్టిక చేసి మా పై అధికారికి ఇచ్చాను. ఒక టవర్‌కు సరుకు మోసే దారిని వెడల్పు చేసే పరికరం ఒక్కటే వచ్చిందట, ఎవరికి ఇవ్వాలని ఆయన అడిగారు. డ్రైవరు ఊరి టవర్‌కు కోరుట్ల నుంచి కేబుల్ లేకుండా గాలిలో ఒక్కటే సన్నటి దారి ఉంది. పట్టిక చూస్తే దానికి అవసరమే లేదు. తంగళ్ళపల్లికి పంపమన్నాను. "నువ్వు నంబరు లేకుండా మాట్లాడవు గద" అంటూ ఆయన సంతకం పెట్టారు. ఆ మాటకు నేను ఆ రోజంతా పొంగిపోయాను.

రెండు నెలలు గడిచాయేమో, జగిత్యాల నుంచి వస్తుంటే డ్రైవరు నసుగుతూ చెప్పాడు.

"సార్, అమ్మ అంటుంది, శుక్రారం తమ్ముడు ఫోన్ చేస్తే బొమ్మ నిలవడుతుందట. మాట ఒక దిక్కు, మూతి ఒక దిక్కు వోతుందట."

"ఊర్ల నెట్టు మంచిగుంది భాయ్. మనమే తీసినం గద. లోపం సౌదీ దిక్కు ఉంటది. సిగ్నల్ మంచిగున్న కాడ నిలవడి చెయ్యమను" అన్నాను. ఆ మాట అనడానికి నాకు అరనిమిషం కూడా పట్టలేదు.

డ్రైవరు నమ్మాడు. నేను కాక ఇంకెవరు చెప్పినా ఒకసారి ఆలోచించేవాడేమో. తమ్ముడికీ అదే చెప్పాడు. ఆ తమ్ముడు శుక్రవారాలు పనివాళ్లుండే క్యాంపు మేడ మీదికెక్కి ఎండలో నిలబడి తల్లికి ఫోన్ చేసేవాడట. ఈ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఒక గురువారం పొద్దున డ్రైవరు పనికి రాలేదు. ఫోన్ వచ్చింది.

"తమ్ముడు పోయిండు సార్. నిద్రల్నే పోయిండట. గుండె ఆగిందట."

శవాన్ని తేవాలంటే నెల పట్టొచ్చని అక్కడి కంపెనీవాళ్లు చెప్పారు. ఇంటి పెద్దలు కూర్చుని అక్కడే మట్టి ఇవ్వమని ఒప్పుకున్నారు. శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక. సాయంత్రం డ్రైవరు మళ్లీ ఫోన్ చేశాడు.

"అమ్మ ఒక్కటే అడుగుతుంది సార్. నాలుగేండ్లాయె సూడక, తీస్కపోయే ముందు ఒక్కసారి మొఖం సూస్తనంటుంది. వాని దోస్తు ఫోన్ల సూపెడుతనన్నడు. జర మీరుంటే నాకు ధైర్యం. మిషిన్ గూడ తెండ్రి."

శుక్రవారం జీపు నేనే నడుపుకుంటూ పోయాను. కోరుట్లలో దీక్షల టెంటు ముందర రోడ్డుకు అడ్డంగా రాళ్లు పెట్టి ఉన్నాయి. ఆపి సంగతి చెప్పాను. గరిటె పట్టుకొచ్చిన ఆ మనిషే లేచి వచ్చి ఏమీ అడక్కుండా రాళ్లు పక్కకు తీశాడు. మిగతావాళ్లు కూడా లేచి నిలబడ్డారు.

ఇంట్లో తల్లి చాప మీద కూర్చుని ఉంది. చిన్నగా, బక్కగా ఉంటుంది ఆమె. బీడీలు చుట్టీ చుట్టీ వేళ్ల కొనలు నల్లబడ్డాయి. డ్రైవరు ఫోనును ఆమె ముందు, తెర ఆమెకు కనపడేలా రెండు చేతులతో పట్టుకుని ఎదురుగా కూర్చున్నాడు. నేను ఆమె వెనక, గుమ్మం దగ్గర ల్యాప్‌టాప్ తెరిచాను. మధ్యాహ్నం మూడు దాటింది, సౌదీలో పన్నెండున్నర.

కొలత మొదలుపెట్టాను. పిలుపు పోయింది, తిరిగి రాలేదు. రెండోది మూడు సెకన్లకు వచ్చింది. తర్వాతవి రెండు దారిలోనే పోయాయి. బంద్ రోజు ఇదే గుమ్మం ముందు సెకనులో పదో వంతు రాసినవాణ్ణి నేను. వైరు సరిగా పెట్టలేదేమోనని మళ్లీ పెట్టాను. అప్పుడు నాకు బయటి చప్పుడు వినిపించింది. గోడ అవతలి ఇంట్లో ఒకామె "హలో, ఇనవడుతుందా?" అంటోంది. ఎదురింట్లో పిల్లలు "బాపూ, బాపూ" అని అరుస్తున్నారు. వాడంతా అదే మాట. గల్ఫ్‌లో శుక్రవారం సెలవు. వారమంతా పనిచేసినవాళ్లు ఆ ఒక్క రోజే ఇళ్లకు ఫోన్ చేస్తారు. సగం మంది మగవాళ్లు అక్కడున్న ఊరు ఇది. మా దిక్కున చిన్నపిల్లవాడికి కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. నేను ఒక్క శుక్రవారం కూడా ఈ ఊళ్లో మిషన్ తెరవలేదు.

ఫోన్ మోగింది. చేసినవాడు తమ్ముడి స్నేహితుడు, అదే క్యాంపులో ఉండే కోరుట్ల మనిషి.

"అమ్మా, నేనమ్మా. సూపెడుతున్న, సూడు."

తెర మీద తెల్లటి గుడ్డ అంచు, ఎవరిదో చెయ్యి కనపడ్డాయి. అంతటితో బొమ్మ ఆగిపోయింది. మిగతాదంతా చిన్న చిన్న గళ్లు. తల్లి ముందుకు వంగింది. డ్రైవరు తెర వెనక నుంచి తల్లి ముఖాన్నే చూస్తున్నాడు.

నేను ల్యాప్‌టాప్ అక్కడే వదిలి బయటికి ఉరికాను. డ్రైవరు భార్య నా వెంట వచ్చింది. మొదటి ఇంట్లో కాసేపు ఫోన్ ఆపమంటే ఒకామె చెవి దగ్గర ఫోన్ తీయకుండానే విసుక్కుంది.

"గీ ఒక్క దినమే దొరుకుతది సార్ మాకు. గిది గూడ బంద్ పెట్టమంటరా?"

డ్రైవరు భార్య తమ ఇంటి వైపు చెయ్యి చూపించింది. ఆమెకు అర్థమైంది. "ఏమయ్యా, మల్ల చేస్త, పెడుతున్న" అని ఫోన్ కట్టేసి, మాకంటే ముందు తానే వాడలోకి నడిచింది. "బంద్ పెట్టుండ్రి! ఫోన్లన్ని బంద్ పెట్టుండ్రి! గా తల్లికి కొడుకు మొఖం కనవడాలె!" అని అరుచుకుంటూ ఇల్లిల్లూ తిరిగింది. ఏడాదికోసారి కూడా మొగుణ్ణి చూడని ఆడవాళ్లు ఒక్క మాట అనకుండా ఫోన్లు కట్టేశారు. బాపూ అని అరుస్తున్న పిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాక్కున్నారు. కొద్దిసేపట్లో వాడంతా సద్దుమణిగింది.

నేను వగరుస్తూ గుమ్మం దగ్గరికి వచ్చేసరికి ల్యాప్‌టాప్‌లో నంబరు దిగుతోంది. మూడు సెకన్లు రెండయింది, రెండు ఒకటయింది. ఇంకొక్క నిమిషం ఉంటే చాలు అనుకున్నాను. ఫోనులో బొమ్మ ఇంకా అదే. గుడ్డ అంచు, చెయ్యి, గళ్లు. మాట మాత్రం ఒక్కసారిగా తేటగా వచ్చింది.

"అమ్మా, సూసినవా? ఇమాం సాబ్ పిలుస్తుండు. జనమంత నిలవడ్డరు. మొఖం కప్పుమంటున్నరు."

తల్లి ఆ గళ్ల మీద చెయ్యి పెట్టింది.

"సూసిన బేటా. మంచిగ వడుకున్నట్టున్నడు. తీస్కపోండ్రి."

ఫోన్ ఆగిపోయింది. డ్రైవరు ఫోన్ కింద పెట్టి తల్లి ఒళ్లో తల పెట్టుకుని ఏడ్చాడు. నా వెనక ల్యాప్‌టాప్‌లో నంబరు సెకనులో పదో వంతుకు దిగింది. బంద్ రోజు నేను రాసిన నంబరే. ఊరంతా ఫోన్లు కట్టేస్తే వచ్చే నంబరు అది.

ఆ మరుసటి వారం నుంచి డ్రైవరు పనికి వచ్చాడు. "అమ్మ సూసింది సార్. గదొక్కటి మంచిగైంది" అన్నాడు. స్టీరింగు మీది నుంచి చూపు తిప్పకుండా ఆ మాట రెండుసార్లు అన్నాడు. నేను "అవును భాయ్" అన్నాను. అతనికి మిగిలింది ఆ మాటే.

తర్వాతి రెండు శుక్రవారాలు నేనొక్కణ్ణే పోయి కొలతలు తీసి పై అధికారి ముందు పెట్టాను. ఆయన పాత పట్టిక తీసి పక్కన పెట్టుకుని, "శుక్రవారం ఎందుకు తీయలేదు?" అన్నారు.

"ఆ రోజు మా డ్రైవర్ నమాజుకు పోతడు సార్" అన్నాను.

ఆ మాట నా నోటి నుంచి వచ్చాక గానీ అది ఎంత నీచమైనదో నాకు తెలియలేదు. తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి మీదికి నా తప్పు తోశాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పొద్దున్నే పోయి, బంద్ రోజుల్లో కొలవడం నా సౌకర్యం కోసమేనని, ఫిర్యాదు వచ్చినా పట్టించుకోలేదని కాగితం రాసి ఇచ్చాను. మెమో వచ్చింది. అది నాకు బరువనిపించలేదు. ఆ ఊరి టవర్‌కు వెడల్పు దారి రావడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది.

తమ్ముడు పోయిన నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు, భోజనానికి డ్రైవరు పిలిచాడు. పోయాను. వాకిట్లో జనం తింటున్నారు, డ్రైవరు వడ్డిస్తూ తిరుగుతున్నాడు. నేను లోపలికి పోయి తల్లి దగ్గర కింద కూర్చున్నాను. చెప్పకుండా ఉండలేకపోయాను.

"అమ్మా, గా దినం బొమ్మ రానిది సౌదీ దిక్కు లోపం గాదు. లోపం నాది. మంచిగుందని నేనే రాసిన. మీ ఊరికి రావాల్సిన మిషిను గందుకే వేరే ఊరికి వోయింది."

ఆమె తస్బీ పూసలు లెక్కపెట్టడం ఆపింది. నన్ను తిడుతుందని, తిడితే బాగుండునని ఎదురుచూశాను.

"నాకేం కనవడలే బేటా" అంది, వాకిట్లోకి వినపడకుండా.

"మరి సూసిన అన్నవు గదమ్మా."

"ఏమనాలె? గంత మంది నిలవడ్డరు. నా కోసమని వాణ్ని గట్లనే వెట్టుకోని కూసోవాల్నా?"

తస్బీ పక్కన పెట్టి ఆమే మళ్లీ అడిగింది.

"ఒకటి అడుగుత, నిజం చెప్పు. వాళ్లు అక్కడికెల్లి పంపిండ్రు గద. మరి వాని మొఖం ఎక్కడిదాంక అచ్చింది?"

ఎవరూ నన్ను అడగని ప్రశ్న అది. మా పై అధికారి కూడా అడగలేదు. జవాబు మాత్రం నాకు తెలుసు. ఆ సన్నటి దారి ఎక్కడ మొదలవుతుందో, పట్టని సరుకును మిషన్ ఎక్కడ పారేస్తుందో తెలిసినవాణ్ణి.

"సముద్రం దాటింది అమ్మా. బొంబాయి దాటింది, హైదరాబాద్ దాటింది. కోరుట్ల దాంక అచ్చింది. కోరుట్లకెల్లి ఊర్లెకు తొవ్వ సాలలే."

ఆమె నా ముఖంలోకి చూసింది, నేను ఓదార్చడానికి అంటున్నానేమోనని.

"నిజంగ కోరుట్ల దాంక అచ్చిండా?"

"అచ్చిండమ్మా."

ఆమె పెదవులు కదిలాయి. కోరుట్ల అన్న మాటను రెండుసార్లు తనలో తాను అనుకుంది. తర్వాత వాకిలి వైపు తిరిగి, నలభై రోజులుగా కొడుకుకు తెలియనీయకుండా దాచుకున్నదంతా మరిచిపోయి, గట్టిగా పెద్ద కొడుకును పిలిచింది.

"బేటా, ఇన్నవా? తమ్ముడు కోరుట్ల దాంక అచ్చిండట!"

డ్రైవరు అన్నం పళ్లెం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. ముందు తల్లిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు.